జిగురు చాప మీద ఒక పేరు

నా చేతులు చేపల వాసన. ఏ సబ్బు పెట్టి తోమినా పోదు. లగూనా సరస్సులో తిలాపియా ఉన్నన్నాళ్ళూ, సంతలో నా బల్ల ఉన్నన్నాళ్ళూ ఈ వాసన ఉంటుంది. అందుకే నింగ్‌నింగ్ ఇంట్లో నాకు కుర్చీ ఉంది గానీ పనిబల్ల దగ్గర చోటు లేదు. "అక్కడే కూర్చో మారే. నా కాగితాల మీద చెయ్యేశావంటే చూడు" అంటుంది. నా పెద్దకొడుకు బాప్తిస్మంలో వాడికి జ్ఞానతల్లిగా నిలబడింది కాబట్టి తను నాకు మారే, నేను తనకు మారే. ఆ చుట్టరికం కలిశాక ఒకరినొకరు ఎంత మాటనుకున్నా చెల్లుతుంది. ఎక్కువ అనేది నేనే. ఈ అంపారో నోట్లో నోరు పెట్టకండి అని మా సందులో పిల్లలకి కూడా తెలుసు.

సెప్టెంబరు వచ్చిందంటే మాకు క్రిస్మస్ వచ్చేసినట్టే. జీప్నీ బండ్లలో పాటలు మొదలవుతాయి, కిటికీలకి నక్షత్ర దీపాలు ఎక్కుతాయి, నింగ్‌నింగ్ గుమ్మం ముందు చెప్పులు పేరుకుంటాయి. అందరికీ కానుకల మీద కట్టే ట్యాగులు కావాలి, కార్డులు కావాలి. జ్ఞానపిల్లలు ఎక్కువున్న వాళ్ళు ముందే వచ్చి పేర్లు చెప్పిపోతారు. క్రిస్మస్ రోజు పొద్దున్నే ఆ పిల్లలు మన చేతిని తమ నుదుటికి ఆనించుకుని దీవెన తీసుకోవడానికి వరసగా వస్తారు కదా, ఒక్క పేరు మర్చిపోయినా తల ఎక్కడ పెట్టుకోవాలి!

ఆ పేర్లన్నీ కోసేది ఒక చిన్న మెషీన్. బేకరీవాడి రొట్టెల డబ్బా కంటే కాస్త పొడుగు, అంతే. ఒక దళసరి కాగితాన్ని జిగురు రాసిన చాప మీద అతికించి దాని నోటికి అందిస్తే, పట్టుకుని లోపలికి లాక్కుంటుంది. లోపల బియ్యపు గింజంత కత్తి మొన కిర్రుకిర్రుమంటూ అటూ ఇటూ తిరుగుతుంది. చాప బయటికొచ్చాక చూస్తే కాగితం ఎలా వెళ్ళిందో అలాగే ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు "ఇదేం కోసింది నా మొహం" అన్నాను. నింగ్‌నింగ్ నవ్వి, చాపని బోర్లా తిప్పి, కాగితాన్ని లాగకుండా చాపనే మెల్లగా వంచింది. కాగితాన్ని లాగితే చుట్ట చుట్టుకుపోతుందట. తర్వాత సన్నటి కొక్కెంతో అక్కర్లేని ముక్కల్ని ఒక్కొక్కటీ తీసేసింది. లోపలినుంచి గుడి గంటగోపురం బయటపడింది. దాని కిటికీకి ఊచలున్నాయి. ఊచలు! నేను పుట్టినప్పట్నుంచీ కత్తితో బతుకుతున్న దాన్ని. ఎంత పదునుపెట్టినా నా కత్తి ఎక్కడో ఒకచోట దారి తప్పుతుంది. ఇది తప్పదు. ఇన్నేళ్ళు చూశాక కూడా ఆ కిటికీ బయటపడినప్పుడల్లా నా ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ మెషీన్ మొదట నింగ్‌నింగ్‌ది కాదు, వాళ్ళాయన డెల్ఫిన్‌ది. డెల్ఫిన్ జీప్నీల మీదా పడవల మీదా పేర్లు రాసేవాడు. కుంచె పట్టాడంటే ఆ అక్షరాలు గాలికి ఊగుతున్నట్టుండేవి. కుంచెలు పోయి స్టిక్కర్ల రోజులు వచ్చాక, మూసేస్తున్న ఒక దుకాణం నుంచి ఈ మెషీన్ తెచ్చుకుని, తన చేతిరాతనే ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి కోయించేవాడు. నింగ్‌నింగ్ అప్పట్లో నలుగురిళ్ళ బట్టలు ఉతికి ఇస్త్రీ చేసేది. ఇస్త్రీ చేస్తూనే మొగుడి భుజం మీంచి చూసి పని నేర్చుకుంది. మెషీన్‌తో క్రిస్మస్ ట్యాగులు కొయ్యొచ్చన్న ఆలోచన తనదే. "స్టిక్కర్లు వేసే మెషీన్‌కి ఈ పిల్లాటలేంటి?" అని డెల్ఫిన్ ఆటపట్టించాడు. ఆ ఏడాది సందు సందంతా ఆ పిల్లాటలకే ఎగబడింది.

తనకి ఒక నియమం ఉంది. కోయడం వరకే తన పని. చాప మీంచి తీయడం, అక్షరాల మధ్య ముక్కలు ఏరడం, ఎవరు ఇస్తారో వాళ్ళే చేసుకోవాలి. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు తలొంచుకుని బెంచీ మీద కూర్చుని ఏరాల్సిందే, బండివాడైనా, మంత్రసానైనా, బడిపంతులైనా.

"బద్ధకం కాకపోతే ఏంటే ఇది? చేయించుకునే వాళ్ళ చేతే చాకిరీ!" అన్నాను ఒకసారి.

"ఇచ్చేది వాళ్ళు కదా మారే. ఆ పేరుతో కాసేపు కూర్చోవద్దూ?"

నేను పకపకా నవ్వాను. తర్వాత గమనించడం మొదలుపెట్టాను. వచ్చేటప్పుడు గోలగోలగా వచ్చినవాళ్ళు, కొక్కెం పట్టుకుని ఒక పేరు మీద వంగాక నెమ్మదిస్తారు. పెదాలు బిగబట్టి, ఊపిరి ఆపి, ఆ చిన్న ముక్కని ఎత్తుతారు. అత్తాకోడళ్ళు ఒకరి పేరు ఒకరు అలా ఏరడం నా కళ్ళతో చూశాను. నాలాంటిదాని నోరు కూడా ఆ గదిలో తగ్గుతుంది.

ఇక మా సందులో ఒక ఆనవాయితీ ఉంది. నవంబరులో అందరూ తమ పేరు చీటీ మీద రాసి చిన్నగుడిలోని జాడీలో వేస్తారు, తర్వాత తలా ఒక చీటీ తీస్తారు. ఎవరి పేరు వస్తే వాళ్ళకి కానుక ఇవ్వాలి. ఎవరికి ఎవరొచ్చారో చెప్పకూడదు. క్రిస్మస్ ముందు ఆదివారం పూజ అయ్యాక కానుకలన్నీ గుడి ముంగిట్లో కుప్ప పోస్తాం. ఒక్కో ట్యాగు చూసి పేరు పిలిచేదాన్ని నేనే, సంతలో అరిచి అరిచి పండిన గొంతు కాబట్టి. పిలిచినవాళ్ళు వచ్చి, కానుక తీసుకుని, ఇచ్చిందెవరో చెప్పాలి. తప్పు చెప్తే పాట పాడాలి. సందులో సగం మంది పాట పాడాలనే తప్పు చెప్తారు.

ట్యాగులకి అందరూ నింగ్‌నింగ్ దగ్గరికే రావాలి కాబట్టి, ఎవరి చీటీ ఎవరి దగ్గరుందో తనకి మొత్తం తెలిసిపోతుంది. ఫాదర్ గారికి పాపసంకీర్తనంలో కూడా చెప్పని రహస్యాలు. నేను ఎదురుగా కూర్చుని ఉంటాను కాబట్టి నాకూ తెలిసిపోతాయి, కానీ కన్యమరియ బొమ్మ మీద చెయ్యేయించి ఒట్టు పెట్టించుకుంది.

రెండేళ్ళ కిందటి తుఫాను గురించి చెప్పాలి. సరస్సు పొంగి తెల్లారేసరికి మా సందు నీళ్ళలో ఉంది. మేమంతా అప్పటికే బడి మేడ మీదికి వెళ్ళిపోయాం. డెల్ఫిన్, నింగ్‌నింగ్ మాత్రం సామాన్లు సర్దుతూ ఆలస్యం చేసి, ఇంటి కప్పెక్కి కూర్చున్నారు. అటుగా క్రిసాంతో పడవ వచ్చింది. క్రిసాంతో మా సందు చివర ఒంటరిగా ఉండే జాలరి, అరవై దాటాయి. ఆ పడవలో అప్పటికే అతని పందులు మూడున్నాయి. నింగ్‌నింగ్‌ని ఎక్కించుకున్నాడు. పడవ అంచు నీళ్ళకి ఆనుతోంది. "మళ్ళీ వస్తా డెల్ఫిన్" అని తిప్పుకుపోయాడు. తిరిగొచ్చేసరికి కప్పు లేదు. నీళ్ళు తగ్గాక డెల్ఫిన్ గుర్రపుడెక్క తీగల్లో దొరికాడు.

మూడు పందుల్ని మోసుకొచ్చి మనిషిని వదిలేసిన క్రిసాంతో! ఆ మాట మొదట అన్నదెవరో నాకు గుర్తులేదు గానీ, అందరికంటే గట్టిగా అన్నది నేనే. నడి సంతలో అతని మొహం మీదే అన్నాను. అతని చేపలు కొనడం మానేశాను, నా వెనకాల మిగతా బల్లలవాళ్ళూ మానేశారు. అతను చేపలు పక్క ఊరికి తీసుకెళ్ళి అమ్ముకునేవాడు. ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. పడవ ముక్కు మీద డెల్ఫిన్ రాసిన 'సరస్సు రాణి' అనే పేరుని మాత్రం గీకేశాడు. జాడీలో చీటీ కూడా వేయలేదు. వెయ్యమని ఎవరూ అనలేదు.

నింగ్‌నింగ్‌కి ఇంట్లో సామానంతా పోయింది. మెషీనూ ల్యాప్‌టాపూ మాత్రం ప్లాస్టిక్ పట్టాలో చుట్టి తనతోపాటు తెచ్చుకుంది కాబట్టి మిగిలాయి. వాటితోనే మళ్ళీ నిలదొక్కుకుంది. ఏడుస్తూనే కోసింది, కోస్తూనే నవ్వడం మళ్ళీ నేర్చుకుంది. నేనయితే మంచం పట్టేదాన్ని.

ఈ ఏడు నవంబరులో గుడిలో జాడీ పెట్టినప్పుడు క్రిసాంతో వచ్చాడు. టోపీ తీసి, చీటీ మడిచి, జాడీలో వేసి, ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయాడు. నేను జాడీలో చెయ్యిపెట్టి ఆ చీటీ తీసి పారేయబోయాను. నింగ్‌నింగ్ నా మణికట్టు పట్టుకుంది.

"వేసిన చీటీ వేసినట్టే ఉండనీ మారే."

"నీకు సిగ్గు లేకపోతే నాకుంది."

"నీకెప్పుడుంది సిగ్గు?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అది అలా దాటిపోయింది. చీటీలు తీశాం. నాకు నింగ్‌నింగ్ పేరే వచ్చింది. లోపల సంతోషం, పైన గాభరా. తన ట్యాగు కోసం తన దగ్గరికే ఎలా వెళ్ళను?

డిసెంబరు మొదట్లో ఒక సాయంత్రం తుంపర పడుతుంటే గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది. క్రిసాంతో. గడప బయటే నిలబడి టోపీని పిసుకుతున్నాడు.

"నింగ్... లోలా సెపా పేరు ఒకటి కావాలమ్మా."

లోలా సెపా మా సందులో అందరికంటే పెద్ద ముసలమ్మ. ఈయన చీటీ ఆవిడదన్నమాట. నేను కుర్చీలోంచి లేచాను. "ఎంత ధైర్యమయ్యా నీకు! ఏ మొహం పెట్టుకుని ఈ గడప..."

"కూర్చో మారే" అంది నింగ్‌నింగ్, నా వైపు చూడకుండానే. "లోపలికి రండి మాంగ్ సాంతో. చెప్పులు అక్కడ పెట్టండి." పెద్ద వయసు మగవాళ్ళని మేం మర్యాదగా అలా మాంగ్ అంటాం.

కోసింది. అందరికీ ఇచ్చినట్టే చాపనీ కొక్కేన్నీ అతని ముందు పెట్టింది. అతని వేళ్ళు తాళ్ళు పేనీ పేనీ బిరుసెక్కి వంగడం మానేసిన వేళ్ళు. మొదటిసారి అక్షరం చినిగిపోయింది. ఆమె ఇంకొకటి కోసింది. రెండోదీ చినిగింది. మూడోది కోసింది. అతని నుదుటి మీంచి చెమట కారి గడ్డంలోకి పోతోంది. ఆఖరి ముక్క వచ్చాక అతను దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఎందుకమ్మా మా చేతే ఏరిస్తావు?" అన్నాడు.

"ఆ పేరుతో కాసేపు కూర్చోవాలని."

అతను తలూపాడు. టోపీ పెట్టుకుని తుంపరలోకి వెళ్ళిపోయాడు. నింగ్‌నింగ్ కొక్కేన్ని తుడిచి దాని చోట పెట్టబోతే చేతిలోంచి జారి కింద పడింది. వంగి తీసుకుని మళ్ళీ తుడిచింది. అదంతా చలివల్ల అనుకున్నాను నేను, తెలివితక్కువదాన్ని.

ఆదివారం దగ్గర పడింది. సందులో అందరి పేర్లూ చాప మీదికి వచ్చి వెళ్ళిపోయాయి. నేను చేపల గంప గుమ్మంలో దించి వేళ్ళ మీద లెక్కపెట్టాను.

"నీది రాలేదు మారే. అది రాదులే, నీ పేరు తీసినవాళ్ళు ఎవరో గానీ నీ దగ్గరికే ఎలా వస్తారు పాపం" అని అమాయకంగా మొహం పెట్టాను. "ఇంకొకటి రాలేదు. క్రిసాంతోది! ఎవరు తీశారో గానీ వాళ్ళ కడుపు చల్లగుండ. నేను పేర్లన్నీ పిలుస్తా, కుప్ప అయిపోతుంది, అందరి ఎదుటా ఖాళీ చేతుల్తో నిలబడతాడు. ఆ మొహం చూడాలి."

నింగ్‌నింగ్ మెషీన్ పైమూత ఎత్తి, లోపలినుంచి మడిచిన చీటీ ఒకటి తీసి, బల్ల మీద నా వైపు జరిపింది. క్రిసాంతో వంకర రాత.

చీటీ చదివి వెనక్కి తోశాను. తర్వాత, "అయితే ఇవ్వకు" అన్నాను. "నిన్ను ఎవడైనా తప్పుపడితే నేనున్నాను, నాలుక చీరేస్తా. వేసినోడికి బుద్ధి లేదు గానీ, దేవుడు మాత్రం సరైన చేతికే ఇచ్చాడు."

"అదే నేనూ ఆలోచిస్తున్నా" అంది.

అన్నదే గానీ ఆ సాయంత్రమే ఆ పేరు కోసింది. పడవ ఆకారంలో ట్యాగు, మధ్యలో అక్షరాలు. చాప బయటికొచ్చింది. మామూలుగా ఏమీ కోయనట్టే ఉంది. కొక్కెం పట్టుకుంది, దగ్గరికి తీసుకెళ్ళింది, పెట్టేసింది. మర్నాడు కూడా చాప బల్ల మీద అలాగే ఉంది. ఆ మర్నాడు కూడా. వచ్చిన చిక్కేంటంటే, మిగతా చాపలన్నీ వాడి వాడి జిగురు పోయి ఉన్నాయి, కాగితాన్ని పట్టి ఉంచే చాప అదొక్కటే. ఆ పేరు దాని మీంచి లేస్తే తప్ప ఇంకొక కార్డు కోయడానికి లేదు. బడి నుంచి వచ్చినవాళ్ళనీ, సంతవాళ్ళనీ "మెషీన్ బాగాలేదు, రేపు రండి" అని పంపేస్తోంది. క్రిస్మస్ ముందు వారం! ఏడాది తిండి అంతా ఆ వారంలోనే. గుమ్మం ముందు చెప్పులు లేకపోవడం ఆ రోజుల్లో నేనెప్పుడూ చూడలేదు.

"నాకివ్వు, లాగి అవతల పారేస్తా" అన్నాను.

"ముట్టుకోకు" అంది. ఆ గొంతు విని నేను నిజంగానే వెనక్కి తగ్గాను.

శనివారం, క్రిస్మస్‌కి ముందు రోజూ జరిగే వేకువ పూజ నుంచి వస్తూ, అరటాకులో వేడివేడి బిబింకా రొట్టె కట్టించుకుని తన ఇంటికి వెళ్ళాను. అప్పటికే బల్ల ముందు కూర్చుని ఉంది. కిటికీలోంచి తెల్లటి వెలుగు సూటిగా చాప మీద పడుతోంది.

"మారే, ఒకటి చెప్తా. మధ్యలో నోరు తెరవకు."

"నేనా?"

"నువ్వే." కొక్కేన్ని వేళ్ళ మధ్య తిప్పుతోంది. "ఆ రోజు పడవలో పందులు వెనకాల ఉన్నాయి. నేను ముందు కూర్చున్నా. నా ఒళ్ళో ఇదుంది." మెషీన్ మీద చెయ్యి వేసింది. "ఇదీ, ల్యాప్‌టాపూ, రెండు కట్టల అట్టలూ. డెల్ఫినే అందించాడు, తడవనివ్వకు అన్నాడు. తర్వాత తను ఎక్కబోతుంటే పడవలోకి నీళ్ళొచ్చాయి. మాంగ్ సాంతో 'బరువైపోయింది, ఏదో ఒకటి దించాలి' అన్నాడు. పందుల వైపు చూశాడు. నా ఒళ్ళోకి చూశాడు. నేను దీన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నా."

నేను నోరు తెరిచాను. ఆమె వేలెత్తింది.

"ఆయన పందుల్ని దించలేదు. నేను దీన్ని దించలేదు. డెల్ఫిన్ మా ఇద్దర్నీ చూసి నవ్వి, 'పోండి, నేను తర్వాత వస్తాలే' అన్నాడు."

"ఇదెంత బరువుంటుందే పిచ్చిదానా! పంది ముందు ఇదెంత?" ఇక ఆగలేకపోయాను.

"దించితే మనిషి పట్టేవాడో లేదో నాకు తెలీదు మారే. దించలేదు. అది తెలుసు." కన్నీళ్ళు తుడుచుకోలేదు, అవి చాప మీద పడకుండా తల కాస్త పక్కకి తిప్పుకుంది. "రెండేళ్ళుగా నువ్వు పందులు, పందులు అని అరుస్తుంటే నాకు హాయిగా ఉండేది. ఇంకా అరవనీ అనుకునేదాన్ని. నడి సంతలో నువ్వు తిట్టిన రోజు నేను నీ వెనకాలే ఉన్నా, గుర్తుందా? ఆయన నా వైపు చూశాడు. 'ఆమె ఒళ్ళో కూడా బరువుంది కదా' అని ఒక్క మాట అంటే చాలు. అనలేదు. ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు."

నాకు గుర్తుంది. అతను ఒక్క క్షణం నా భుజం మీంచి వెనక్కి చూసి తల దించుకోవడం గుర్తుంది. తప్పు చేసినవాడు కాబట్టి దించుకున్నాడని ఆ రోజు నేను అందరికీ చెప్పాను.

అప్పుడు ఏరడం మొదలుపెట్టింది. ఆ ముప్పావుగంట నేను గుళ్ళో కూడా కూర్చోనంత నిశ్శబ్దంగా కూర్చున్నాను. ఒక్కో ముక్కకీ ఆగుతుంది, ఊపిరి బిగబడుతుంది, కొక్కెం మొనతో కొసని లేపి, చినగకుండా, తొందరలేకుండా బయటికి తీస్తుంది. తీసిన ప్రతి ముక్కనీ పక్కన సాసర్లో పెడుతుంది. వందల పేర్లు కోసిన మనిషి, కళ్ళు మూసుకుని ఏరగల మనిషి, మొదటిసారి కొక్కెం పట్టినదానిలా ఏరింది. చివర చాపని బోర్లా తిప్పి వంచింది. ఆ పేరు తన అరచేతిలోకి దిగింది. కిటికీ వెలుగు అక్షరాల్లోంచి దూరి ఆమె చేతి మీద పడింది, క్రిసాంతో అని చదవొచ్చు. నాకు ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందని అడిగితే చెప్పలేను. సముద్రాన్ని మొదటిసారి చూసినప్పుడు కూడా నాకు అలాగే వచ్చింది.

"బిబింకా చల్లారిపోతోంది" అన్నాను చివరికి.

"పెట్టు మరి" అంది. ఇద్దరం తిన్నాం. గుమ్మం బయట అప్పటికే ఎవరో చెప్పులు విప్పుతున్నారు.

ఆదివారం గుడి ముంగిట్లో కానుకల కుప్ప. తియ్యటి స్పగెట్టి గిన్నెలు ఒకవైపు, పాటల మెషీన్ దగ్గర తోపులాట ఒకవైపు. క్రిసాంతో అందరికంటే వెనక, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నేను పేర్లు పిలుస్తున్నాను. లోలా సెపాకి దోమతెర వచ్చింది. ట్యాగుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, మనవడు ఇచ్చాడని తప్పు చెప్పి, ఒక పాత సరసమైన పాట మొత్తం పాడింది. అందరూ నవ్వుతుండగా నా చేతికి పడవ ట్యాగు తగిలింది.

రెండేళ్ళుగా ఆ పేరుని తిట్టు లేకుండా పలకలేదు. గొంతు సవరించుకున్నాను.

"మాంగ్ క్రిసాంతో!"

నవ్వులు ఆగిపోయాయి. అతను కదల్లేదు. నేను మళ్ళీ పిలిచాను, ఇంకా గట్టిగా. జనం పక్కకి జరిగి దారి ఇచ్చారు. వచ్చాడు. గొట్టంలా చుట్టిన కానుకని చంకలో పెట్టుకుని, ట్యాగుని మాత్రం రెండు చేతుల్తో పట్టుకున్నాడు. పిల్లలకేం తెలుసు, "ఎవరిచ్చారు? ఎవరిచ్చారు?" అని ఎప్పట్లా గోల. అతను ట్యాగుని వెలుగుకి ఎత్తి, అక్షరాల అంచుల మీద వేలు పోనిచ్చాడు.

"ఎవరో నా పేరుతో కూర్చున్నారు" అన్నాడు.

"నేనే మాంగ్ సాంతో" అంది నింగ్‌నింగ్, తన బెంచీ మీంచి లేచి.

గుడి ముంగిట్లో గాలికి ఊగే నక్షత్ర దీపాల చప్పుడు వినిపించింది. అతను గొట్టం విప్పాడు. నీలం రంగు స్టిక్కరు, పొడుగ్గా, పైన తెల్లటి పట్టీ అతికించి ఉంది. 'సరస్సు రాణి.' కొత్తగా రాసింది కాదు. ల్యాప్‌టాప్‌లో మిగిలిన డెల్ఫిన్ చేతిరాత, ఆ గాలికి ఊగే అక్షరాలు. డెల్ఫిన్ పోయాక ఆ రాతని నింగ్‌నింగ్ ఎవరికీ కోయలేదు. క్రిసాంతో దాన్ని మళ్ళీ చుట్టడానికి చాలాసార్లు ప్రయత్నించాడు, చేతకాలేదు. లోలా సెపా లేచి వచ్చి చుట్టిపెట్టింది.

తర్వాత ఎవరో నా చేతిలోకి ఇంకో కానుక తోశారు. నేను పెట్టిందే. దాని ట్యాగుని పాలడబ్బా అట్ట మీద, చేప రెక్కలు కోసే కత్తెరతో నేనే కోశాను. నక్షత్రం అనుకుని మొదలుపెడితే పీత అయింది. "లునింగ్‌నింగ్!" అని పూర్తి పేరుతో పిలిచి, నాకేం తెలియనట్టు ఆకాశం వైపు చూశాను. తను ట్యాగు అందుకుంది, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మారే" అంది.

ముంగిలంతా గొల్లుమంది. క్రిసాంతో కూడా నవ్వాడు. తను ఆ వికారపు పీతని ఇంటికి తీసుకెళ్ళి మెషీన్ పైన గోడకి కొట్టుకుంది, ఇప్పటికీ అక్కడే ఉంది, వాసనతో సహా.

మర్నాడు వేకువ పూజ అయ్యాక నేను చేపల కోసం ఒడ్డుకి వెళ్తుంటే నింగ్‌నింగ్ నా వెంట వచ్చింది. తుఫాను తర్వాత తను ఒడ్డు మొహం చూడలేదు. ఎందుకొస్తున్నావని నేను అడగలేదు, నా జన్మలో అడగకుండా ఉన్న కొద్ది మాటల్లో అదొకటి. క్రిసాంతో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి పడవ ముక్కు తోమి ఆరబెట్టాడు. స్టిక్కరు ఒక కొస పట్టుకుంటే ఇంకో కొస సరస్సు గాలికి ఎగిరి తన మీద తనే అతుక్కోబోతోంది. అంత పొడుగు పేరు ఒక్క మనిషి వల్ల అతికేది కాదు. దగ్గర్లో ఉన్నదాన్ని నేనే. అతను నా వైపు చూశాడు, అడగడానికి ధైర్యం చాలలేదు. నేను గంప దించి నా లుంగీ ఎగ్గట్టి నీళ్ళలోకి దిగబోయాను.

"నీ చేతులు వద్దు మారే. చేప జిడ్డుకి అతకదు" అంది నింగ్‌నింగ్.

చెప్పులు విప్పి, నా గంప పక్కన పెట్టి, తనే దిగింది. మొదటి అడుగు దగ్గర ఆగింది. నీళ్ళు పాదాల మీదికి వచ్చి వెళ్ళాయి. నేను చెయ్యి చాచాను గానీ తను చూడలేదు. రెండో అడుగు వేసింది. మోకాళ్ళ దాకా నీళ్ళలోకి వెళ్ళి ఎగురుతున్న కొసని పట్టుకుంది. "ముందు మధ్యలో ఆనించండి. తర్వాత మీరు మీ వైపుకి, నేను నా వైపుకి" అంది. గాలి బుడగ మిగలకుండా అరచేతి అంచుతో నొక్కుకుంటూ ఇద్దరూ చెరోవైపుకి జరిగారు. తర్వాత తెల్లటి పట్టీని రెండు కొసల నుంచీ మెల్లగా ఊడదీశారు. డెల్ఫిన్ రాత ఆ పడవ మీద మళ్ళీ నిలబడింది, అప్పుడే రాసి చెయ్యి తీసినట్టు. నేను ఒడ్డున రాయిలా నిలబడిపోయాను.

"ఎక్కుతావా నింగ్?" అన్నాడు క్రిసాంతో, చాలా చిన్న గొంతుతో.

ఆమె పడవ అంచు మీద చెయ్యి పెట్టి, లోపల తను ఆ రోజు కూర్చున్న చెక్క వైపు చూసింది. "ఇవాళ కాదు" అంది. చెయ్యి మాత్రం వెంటనే తీయలేదు.

నేను నా ఖాళీ గంప ఎత్తుకుని నీళ్ళ అంచుదాకా వెళ్ళాను.

"రాత్రి ఏం పడ్డాయి మాంగ్ సాంతో?" అని అడిగాను.

అతను కాసేపు నా మొహంలోకి చూశాడు. తర్వాత వంగి, పడవ అడుగున ఉన్న తట్ట ఎత్తి, ఇంకా కొట్టుకుంటున్న చేపల్ని నా గంపలో పోశాడు.